గడియ వేయుటయా, తీయుటయా?
మహమ్మారి నాటి ఆంక్షలపై ఒక పరిశీలన

అంటువ్యాధి ఊరి పొలిమేరకు వచ్చినప్పుడు పాలకుల ముందు నిలిచే ప్రశ్న ఒక్కటే. తలుపు మూయవలెనా, తెరచి ఉంచవలెనా? మూసినట్లయితే వ్యాధి ఆగవచ్చును. దానితోపాటు కూలి, సంత, బడి, వైద్యం కూడ ఆగిపోవచ్చును. తెరచి ఉంచినట్లయితే బ్రతుకుతెరువు సాగును. కాని వృద్ధులు, దీర్ఘరోగులు ముందుగా బలి అగుదురు. 2020లో కోవిడ్ మహమ్మారి ప్రపంచాన్ని చుట్టుముట్టినప్పుడు ఒక్కొక్క దేశం ఈ ప్రశ్నకు ఒక్కొక్క విధంగా సమాధానం చెప్పినది. ఏ సమాధానం సరియైనదన్న వాదం ఇప్పటికీ ముగియలేదు.

ఆ వాదంలో తీర్పు చెప్పుట మా ఉద్దేశం కాదు. కఠిన మార్గం అనగా ఏమి, సడలింపు మార్గం అనగా ఏమి, వాటి వెనుక ఉన్న ఏర్పాట్లు ఎటువంటివి అను విషయాలను వివరించి, ఆ రెండింటిని అరకు లోయ అనుభవంతో సరిచూచుట మా ప్రయత్నం. రాజధానిలో వ్రాసిన ఉత్తర్వు కొండమీది గూడేనికి చేరునప్పటికి దాని అర్థం మారిపోవును. ఆ మార్పును గమనించిననాడు గాని ఒక ఆంక్ష మంచిదో చెడ్డదో తెలియదని మా నమ్మకం.

చరిత్ర చెప్పిన రెండు సంగతులు

రోగాన్ని అడ్డగించుటకు రాకపోకలను ఆపుట క్రొత్త విషయం కాదు. ఏడ్రియాటిక్ సముద్రతీరంలోని రగూసా నగరం, ప్లేగు ఉన్న ప్రాంతాల నుండి వచ్చేవారిని 30 దినాలు వెలుపల ఉంచిన తరువాతనే లోనికి రానివ్వవలెనని 1377లోనే శాసించినది. కాలక్రమాన ఈ గడువు 40 దినాలైనది. ఇటాలియను భాషలో నలుబది అను సంఖ్యను తెలిపే మాట నుండియే నేడు మనం వాడే 'క్వారంటైన్' అను పదం పుట్టినది.

ఇటువంటి కట్టడి ఎంత మేలు చేయగలదో 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా చరిత్ర తెలుపుచున్నది. పసిఫిక్ మహాసముద్రంలోని సమోవా దీవులలో తూర్పు భాగం అమెరికా పాలనలోను, పడమటి భాగం న్యూజిలాండ్ పాలనలోను ఉండినవి. 1918 నవంబరు 7న ఆక్లండ్ నుండి రోగులతో వచ్చిన 'తలూనే' అను ఓడను పడమటి సమోవా రేవులోనికి అడ్డు లేకుండ రానిచ్చినారు. కొద్ది వారాలలో అక్కడి జనాభాలో ఐదవ వంతుకు పైగా మరణించినారు. తూర్పు సమోవాలో గవర్నరు పోయర్ ఓడలను కట్టడి చేసినందున ఆ జబ్బుతో ఒక్క ప్రాణం కూడ పోలేదు. జాతి ఒకటే, జబ్బు ఒకటే. భేదమంతా రేవు వాకిట వేసిన గడియలోనే ఉన్నది.

కట్టడి ఎంత కీడు చేయగలదో తెలుపుటకు మన దేశ చరిత్రయే చాలును. బొంబాయి రాష్ట్రంలో ప్లేగు చెలరేగినప్పుడు ఆంగ్ల ప్రభుత్వం 1897లో అంటువ్యాధుల చట్టాన్ని చేసినది. పూనాలో సైనికులు ఇండ్లలో చొరబడి సోదాలు చేసి, రోగులను బలవంతంగా తీసికొనిపోయినారు. ప్రజలు భయపడి రోగులను దాచిపెట్టసాగినారు. ఆగ్రహం ముదిరి 1897 జూన్ 22న ప్లేగు అధికారి రాండ్‌పై చాపేకర్ సోదరులు కాల్పులు జరిపినారు. ప్రజలు దాచిన రోగం ప్రభుత్వానికి కనిపించదు. కనిపించని రోగానికి కట్టడి లేదు. ఆనాటి చట్టమే 2020లో కూడ మన ప్రభుత్వాల చేతిలో ఉండినదని గుర్తుంచుకొనవలెను.

ఈ రెండు ఉదాహరణలనుబట్టి ఒక విషయం తేలుచున్నది. వ్యాధి ప్రవేశింపకముందు వేసిన గడియ ప్రాణాలు కాపాడినది. ప్రజల మనస్సు గెలువక వేసిన గడియ వారినే శత్రువులుగా చేసినది.

మూడు దేశాలు, మూడు మార్గాలు

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారి అని ప్రకటించినది. మార్చి 24 రాత్రి 8 గంటలకు మన ప్రధానమంత్రి దేశాన్ని ఉద్దేశించి మాట్లాడగా, నాలుగు గంటల వ్యవధిలో, ఆ అర్ధరాత్రి నుండియే 21 దినాల లాక్‌డౌన్ అమలులోనికి వచ్చినది. తరువాత విడతలుగా పొడిగించి మే 31 వరకు సాగించినారు. ప్రపంచ దేశాల ఆంక్షల తీవ్రతను కొలుచుటకు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం తయారు చేసిన సూచికలో ఆనాడు భారతదేశానికి నూటికి నూరు వచ్చినవి. ఇంతకంటె కఠినంగా ఉండుటకు ఆ కొలబద్దలో చోటే లేదు.

అదే మార్చి 25న న్యూజిలాండ్ కూడ సంపూర్ణ నిర్బంధాన్ని విధించినది. సుమారు 50 లక్షల జనాభా గల ఆ ద్వీపదేశం మార్చి 19ననే విదేశీయుల రాకను నిలిపివేసినది. దేశంలో తొలి కోవిడ్ మరణం సంభవింపకముందే తలుపులు మూసినది. పనివారి జీతాలలో కొంత భాగాన్ని యజమానుల ద్వారా ప్రభుత్వమే భరించినది. ఫలితంగా జూన్ 8 నాటికి సరిహద్దు కట్టడి తప్ప లోపలి ఆంక్షలు దాదాపు అన్నియు తొలగిపోయినవి.

స్వీడన్ ఇందుకు భిన్నమైన త్రోవ పట్టినది. శాంతి సమయంలో అత్యవసర పరిస్థితి విధించి పౌరుల రాకపోకలను ఆపుటకు ఆ దేశ రాజ్యాంగం అవకాశం ఇచ్చునది కాదు. ప్రజారోగ్య సంస్థలోని నిపుణుల సలహానుబట్టి నడచుకొనుట అక్కడి ఆచారం. ఆనాడు ఆ నిపుణులకు ముఖ్యుడు ఆండర్స్ టెగ్నెల్. దుకాణాలు, భోజనశాలలు తెరచియే ఉండినవి. 16 సంవత్సరాల లోపు పిల్లల బడులు సాగినవి. అయితే స్వీడన్ ఏమియు చేయలేదనుకొనుట పొరపాటు. 50 మందికి మించిన సభలను నిషేధించినది. వృద్ధాశ్రమాలకు సందర్శకుల రాకను ఆపినది. జబ్బుపడినవారు ఇంటనే ఉండుటకు వీలుగా, తొలి దినం జీతంలో కోత పెట్టే నియమాన్ని సడలించినది. ఆజ్ఞ తక్కువైనను ఆసరా ఎక్కువ అని ఆ పద్ధతిని వర్ణింపవచ్చును.

ఫలితాలను చూచినప్పుడు సులభమైన తీర్పులు నిలువవు. మొదటి సంవత్సరంలో స్వీడన్‌లో వృద్ధులు పెక్కుమంది మరణించినారు. పొరుగున ఉన్న నార్వే, ఫిన్లండ్‌లకంటె అక్కడి మరణాలు ఎంతో ఎక్కువ. ఆ ప్రభుత్వమే నియమించిన విచారణ సంఘం, వృద్ధులను కాపాడుటలో దేశం విఫలమైనదని 2020 డిసెంబరులో నివేదించినది. 2022లో వచ్చిన తుది నివేదిక నిర్బంధం విధింపకుండుట మౌలికంగా సరియే అన్నది; ఐనను, ప్రారంభంలో మరింత గట్టి చర్యలు తీసికొనవలసినదని కూడ చెప్పినది. మరోవైపు, 2020, 2021 సంవత్సరాల అదనపు మరణాలపై ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన అంచనాలలో, నిర్బంధాలు విధించిన బ్రిటన్, ఇటలీ, స్పెయిన్ దేశాలకంటె స్వీడన్ మెరుగుగనే కనిపించినది.

నూటికి నూరు తెచ్చుకొన్న మన దేశంలో 2021 వేసవి రెండవ విడతలో ఆసుపత్రుల ముందు ప్రాణవాయువు కొరకు జనం అలమటించిన దృశ్యాలను ఎవరును మరువలేరు. ఆ రెండు సంవత్సరాలలో భారతదేశపు అదనపు మరణాలు 47 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేయగా, మన ప్రభుత్వం ఆ లెక్క కట్టిన పద్ధతిని అంగీకరింపలేదు. ప్రభుత్వ లెక్కలో నమోదైన కోవిడ్ మరణాలు సుమారు 4 లక్షల 80 వేలు. ఏ లెక్కను గ్రహించినను, 2020 నాటి కాఠిన్యం 2021లో మనలను కాపాడలేదన్నది స్పష్టం. లాక్‌డౌన్ వ్యాధిని నయం చేయదు. కొంత వ్యవధిని మాత్రం కొనిపెట్టును. ఆ వ్యవధికి మూల్యం ఎవరు చెల్లించినారు, ఆ వ్యవధిలో ఏమి చేసినారు అనునవే అసలు ప్రశ్నలు.

అరకు మన్యంలో

ఈ ప్రశ్నలకు సమాధానం వెదుకుటకు తూర్పు కనుమలవైపు చూచెదము. ఆనాడు విశాఖపట్నం జిల్లాలో భాగమై, 2022 ఏప్రిల్ 4 నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరిన 11 మండలాల మన్యంలో అరకు లోయ ఒకటి. కొండదొర, బగత, వాల్మీకి, కోటియ, గదబ, పొర్జ, ఖోండు మొదలైన తెగలవారు ఇక్కడ నివసించుచున్నారు. గూడేలు కొండల నడుమ విసరివేసినట్లుండును. వాటిని ఒకదానితో ఒకటి కలిపేది వారపు సంత. మైదానంతో కలిపేవి ఘాటు రోడ్డు, 1960లలో నిర్మించిన కొత్తవలస – కిరండూల్ రైలు మార్గం. విశాఖపట్నంలోని పెద్దాసుపత్రికి అరకు నుండి నూరు కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. ఒకవిధంగా చూచినట్లయితే ఈ గూడేలు కూడ సమోవా వంటి దీవులే. చుట్టును సముద్రానికి మారు అడవి ఉన్నది.

లాక్‌డౌన్ మొదలైన మార్చి 25 ఆ సంవత్సరం ఉగాది పండుగ. చైత్రమాసం మన్యంలో ఇటుకల పండుగ కాలం. మగవారు వేటకు పోవుదురు. ఆడవారు దారికి అడ్డంగా వెదురు గడ నిలిపి, పాటలు పాడుచు, బాటసారుల వద్ద 'పజ్జోరు' అను పండుగ మామూలు వసూలు చేయుదురు. డబ్బు ముట్టగానే నవ్వుచు గడ ఎత్తుదురు. 2020 చైత్రంలో ఆ దారులకే గడలు, చెట్టు కొమ్మలు, బండరాళ్ళు అడ్డుపడినవి; కాని ఈసారి పైకం ఇచ్చినను గడ లేవలేదు. బయటివారు మా ఊరికి రావద్దు, మేమును బయటికి పోము అని మన్యంలోని పెక్కు గ్రామాలు తమకు తామే కట్టుబాటు చేసుకొన్నవి.

ఈ కట్టుబాటును అజ్ఞానమని కొట్టివేయుట తగదు. న్యూజిలాండ్‌లో మావోరీ తెగలు కూడ ఆ దినాలలోనే తమ ప్రాంతాల దారులపై తనిఖీలు పెట్టి, తమ వృద్ధులను కాపాడుకొన్నవి. 1918 ఇన్‌ఫ్లుయెంజాలో మావోరీల మరణాల రేటు తెల్లవారి రేటుకంటె సుమారు ఎనిమిది రెట్లు ఉండినదన్న జ్ఞాపకం వారిని కదలించినది. వైద్యం దూరమైనచోట ముందుజాగ్రత్తయే వైద్యం. కొండమీద జబ్బుపడినవానిని డోలీలో మోసికొని దిగవలసిన జనానికి ఈ సత్యం ఒకరు బోధింపవలసినది కాదు. పోలీసులు వేసిన గడియకును, ఊరు వేసికొన్న గడియకును ఉన్న భేదం ఇదియే. మొదటిదానికి జనం భయపడుదురు. రెండవదానికి జనమే కాపలా కాయుదురు.

గడియకు రెండవ వైపు

కాని గడియకు రెండు వైపులు కలవు. రోగాన్ని ఆపిన గడయే ఉప్పును, నూనెను, ఎండుచేపను కూడ ఆపినది. సంతలు మూతపడినవి. మార్చి, ఏప్రిల్ నెలలు మన్యంలో చింతపండు అమ్ముకొనే కాలం. చింతపండు, కొండచీపుళ్ళు, అడ్డాకులు, కరక్కాయ సంతకు దింపి అమ్మిన పైకంతోనే వానకాలపు ఖర్చులు గడువవలెను. ఈ సరుకులు కొనుటకై 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఉన్నను, చిల్లర అవసరాలకు గిరిజనుడు ఆధారపడేది సంతమీదనే. సంత లేనిచోట దళారి చెప్పినదే ధర.

కేంద్ర ప్రభుత్వం చిన్నతరహా అటవీ ఫలసాయం సేకరణను లాక్‌డౌన్ నుండి మినహాయించుచు ఉత్తర్వు ఇచ్చినది 2020 ఏప్రిల్ 16న. 49 రకాల అటవీ ఉత్పత్తులకు మద్దతు ధరలు పెంచినది మే 1న. రెండును మంచి నిర్ణయాలే. అయితే నిర్బంధం మొదలైన దినం నుండి లెక్కించినట్లయితే మొదటిదానికి మూడు వారాలు, రెండవదానికి అయిదు వారాలు పట్టినవి. చింతచెట్టు ఉత్తర్వు కొరకు ఆగదు; కాయ పండిననాడే రాల్చవలెను. నగరంలో ఉద్యోగికి మూడు వారాల నిర్బంధం సెలవు వంటిది కావచ్చును. అడవిబిడ్డకు అది సంవత్సరపు ఆదాయంలో ఒక పెద్ద ముక్క.

సహాయం రాలేదని చెప్పుట న్యాయం కాదు. రాష్ట్ర ప్రభుత్వం మార్చి 29 నుండి ఉచితంగా రేషను పంపిణీ ప్రారంభించి, ఏప్రిల్ 4న పేద కుటుంబాలకు 1000 రూపాయల చొప్పున ఇంటివద్దనే అందించినది. కేంద్రం మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం ప్రకటించినది. బియ్యం ఉన్నందుననే గూడేలు తమ గడలను అన్ని దినాలు దింపక నిలుపగలిగినవి. కడుపు నిండనిచోట ఏ కట్టుబాటును నిలువదు. ఇంటికి దూరంగా చిక్కుపడిన వలస కూలీల విషయంలో ఈ సంగతి విపరీతంగా రుజువైనది. గుజరాత్‌లోని వెరావల్ రేవులో ఆగిపోయిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు ఏప్రిల్ చివరకు గాని బస్సులలో బయలుదేరలేకపోయినారు. వలస కూలీల కొరకు తొలి శ్రామిక రైలు మే 1న తెలంగాణలోని లింగంపల్లి నుండి జార్ఖండ్‌లోని హటియాకు కదలినది. అప్పటికే వేలాదిమంది కాలినడకన ఎండలో పడి పోయినారు.

అరకుకు పొరుగుననే ఉన్న ఒడిశా ఈ విషయంలో ఒక మధ్యేమార్గాన్ని చూపినది. తిరిగివచ్చే కూలీలను ఊరి బడిలో విడిగా ఉంచుటకు సర్పంచులకు తమ పంచాయతీ పరిధిలో కలెక్టరు అధికారాలను 2020 ఏప్రిల్‌లో అప్పగించినది. 14 దినాల గడువు ముగించినవారికి 2000 రూపాయలు ప్రకటించినది. ఇది కఠిన మార్గమా, సడలింపు మార్గమా? గడియ ఉన్నది గనుక కఠినమే; గడియ వేసినవాడు ఊరివాడు, లోపల ఉన్నవానికి అన్నము, వెలుపలికి వచ్చినవానికి ఖర్చు లభించినవి గనుక కరుణయే.

ఎక్కువ కాలం మూతపడిన తలుపు

అన్నిటికంటె ఎక్కువ కాలం మూతపడినది బడి తలుపు. ఈ విషయం విద్యార్థులమైన మనకు అతిముఖ్యం. మన రాష్ట్రంలో 2020 మార్చిలో మూసిన బడులు 9, 10 తరగతులకు నవంబరు 2న తెరచినారు; ప్రాథమిక తరగతులకు 2021 ఫిబ్రవరి 1న గాని తెరువలేదు. ఏప్రిల్‌లో మరల మూసి, ఆగస్టు 16న తెరచినారు. మద్యం దుకాణాలు 2020 మే నెలలోనే తెరచుకొన్నవన్న సంగతి దీని ప్రక్కన నిలిపి చూచినట్లయితే, దేనిని అవసరమని, దేనిని అనవసరమని మనం ఎంచినామో తెలియగలదు. స్వీడన్ అన్నిటికంటె చివరకు మూయవలసినది బడి అని భావించి చిన్నపిల్లల బడులను మూయనే లేదు.

మన్యంలోని ఆశ్రమ పాఠశాల కేవలం పాఠాలు చెప్పే చోటు కాదు. పూటకు అన్నం పెట్టే ఇల్లు, తెలుగు నేర్పే ఏకైక స్థలం. ఇంట కువి, ఆదివాసీ ఒరియా, పొర్జ మాటలాడే బిడ్డ బడికి దూరమైనట్లయితే అక్షరాలతోపాటు బడి భాషను కూడ కోల్పోవును. ఇంటి మాట ఒకటి, బడి మాట మరొకటి అయిన పిల్లల కష్టం మా పత్రిక పాఠకులకు వివరింపనవసరం లేదు. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చినవి, సెల్‌ఫోనులో తరగతులు జరిగినవి. కాని గుట్ట ఎక్కిన గాని సంకేతం అందని ఊరిలో, ఇంటికొక ఫోను కూడ లేనిచోట, ఆ పాఠం ఎవరిని చేరును? జబ్బు కొండలకు ఆలస్యంగా వచ్చినది; బడి మూత మాత్రం నగరంతోపాటు ఒకే దినాన వచ్చినది. ఒకే ఉత్తర్వును అంతటికి ఒకే తీరున వర్తింపజేయుటలోని లోపం ఇది.

2021లో రాష్ట్ర ప్రభుత్వం ఈ పాఠాన్ని కొంత నేర్చినది. మే 5 నుండి విధించిన కర్ఫ్యూ పగలు 12 గంటల నుండి మరునాటి ఉదయం 6 గంటల వరకే. ఉదయం వేళ కొనుగోలుకు, కూలికి వదలినారు. అప్పటికి టీకా కూడ వచ్చినది. జనవరి 16న దేశంలో ఆరంభమైన ఈ కార్యక్రమాన్ని కొండలెక్కి గూడేలకు చేర్చినవారు ఆశా కార్యకర్తలు, ఏ.ఎన్.ఎం.లు. మొదటి సంవత్సరం వేసిన గడియ కొనిపెట్టిన వ్యవధికి వారి నడకయే సార్థకత కల్పించినది.

మూడు పరీక్షలు

ఈ పరిశీలన నుండి మేము గ్రహించినది సంగ్రహంగా చెప్పెదము. ఏ ఆంక్షనైనను మూడు పరీక్షలకు నిలుపవలెను. మొదటిది: గడియ ఎవరు వేసినారు? దానిని భరింపవలసినవారి సమ్మతి లేనిచోట పూనా చరిత్ర పునరావృతం కాగలదు. రెండవది: గడియ వెనుక అన్నం ఉన్నదా? జీతం, బియ్యం, మందు సమకూర్చక మూసిన తలుపు కాపుదల కాదు, చెర. మూడవది: గడియ ఎప్పుడు తీయుదురు, దేనిని ముందు తీయుదురు? బడిని చివరకు తెరచే సమాజం తన పిల్లల భవిష్యత్తునుండి అప్పు తెచ్చుకొన్నట్లే.

ఈ మూడింటికి సరియైన సమాధానం ఉన్నచోట కఠిన మార్గమును మేలు చేసినది, సడలింపు మార్గమును మేలు చేసినది. లేనిచోట రెండును కీడే చేసినవి. న్యూజిలాండ్ కాఠిన్యం వెనుక జీతం ఉన్నది. స్వీడన్ స్వేచ్ఛ వెనుక జీతం ఉన్నది. మన వలస కూలీ వెనుక ఏమి ఉన్నదో జాతీయ రహదారులు చూచినవి.

మహమ్మారులు మరల రావని ఏ శాస్త్రజ్ఞుడును చెప్పలేడు. రానున్నదానికి టీకాలు, ఆసుపత్రులు సిద్ధపరచుట ప్రభుత్వాల పని. మన పని కూడ కొంత ఉన్నది. తరగతులు ఆగిపోయినట్లయితే ఫోను లేని విద్యార్థికి పాఠం ఎట్లు చేరవలెను? వసతిగృహం మూసిన దినాన దూరపు ఊరి పిల్లవాడు ఏ బండిలో ఇల్లు చేరవలెను? అతని చేత ఎన్ని దినాల బత్తెం ఉండవలెను? ఈ ప్రశ్నలకు కళాశాల యాజమాన్య సంఘం, విద్యార్థి సంఘం కలిసి కూర్చుండి, వ్యాధి లేని ఈ ప్రశాంత సమయంలోనే ఒక కాగితం మీద సమాధానాలు వ్రాసి పెట్టుట మంచిది. రాత్రి 8 గంటలకు ప్రకటన వెలువడిన తరువాత ఆలోచించుటకు మిగిలేది నాలుగు గంటలు మాత్రమే.